నొప్పి మందుల సమీక్ష: ట్రమడాల్, మార్ఫిన్ ఒకవైపు, పారాసిటమాల్–ఐబుప్రొఫెన్ జంట మరోవైపు

ఆపరేషన్ తర్వాత, దెబ్బ తగిలినప్పుడు, పన్ను తీయించుకున్నప్పుడు, మూత్రనాళంలో రాయి కదిలినప్పుడు హఠాత్తుగా మొదలై కొద్ది రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోయే నొప్పికి వాడే మందులను ఈ సమీక్షలో పోలుస్తున్నాను. ఒకవైపు నల్లమందు నుంచి తీసినవి, లేదా అదే తీరున మెదడు మీద, వెన్నుపాము మీద పనిచేసేలా తయారుచేసినవి ఉన్నాయి: మార్ఫిన్, ఫెంటనిల్, కోడీన్, ఆక్సికోడోన్, మన దగ్గర చీటీల మీద తరచుగా కనిపించే ట్రమడాల్. వీటన్నిటినీ కలిపి వైద్యులు ఓపియాయిడ్లు అంటారు. మరోవైపు పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి మందులు, నరం పక్కన మత్తు సూది వేసే పద్ధతి, 2025లో అమెరికాలో అనుమతి పొందిన సుజెట్రిజిన్ అనే కొత్త మాత్ర ఉన్నాయి. ఏళ్ల తరబడి వేధించే కీళ్లనొప్పులు ఈ సమీక్ష పరిధిలోకి రావు. కేన్సర్ నొప్పి గురించి మాత్రం ఒక్కచోట చెప్పక తప్పదు.

ఆసుపత్రి ఫార్మసీలో డిశ్చార్జి చీటీలు చూసి మందులు ఇవ్వడం నా ఉద్యోగం. ఆ కిటికీ దగ్గర కూర్చుని చూసినదానికి, చదివిన పరిశోధనలకు పొంతన కుదుర్చుకున్నాక నాకు స్థిరపడిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఇంటికి వెళ్లే రోగికి పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ సరైన మోతాదులో, వేళ తప్పకుండా కలిపి ఇస్తే, ఎక్కువ రకాల నొప్పులకు ఓపియాయిడ్ మాత్రతో సమానంగా, కొన్నిటికి అంతకంటే మెరుగ్గా పనిచేస్తాయి. పెద్ద గాయానికి, కాలిన ఒంటికి, పెద్ద ఆపరేషన్‌కు ఆసుపత్రి లోపల మార్ఫిన్‌కు సాటి వచ్చేది లేదు. మన దగ్గర జరుగుతున్నది చాలాసార్లు దీనికి నేరుగా వ్యతిరేకం. నడిచి ఇంటికి వెళ్లగలిగినవాళ్ల చేతిలో ట్రమడాల్ పెట్టి పంపుతున్నారు, మార్ఫిన్ కావలసినవాళ్లకు ఇవ్వడానికి భయపడుతున్నారు.

ఈ మాటకు ఆధారం చూపించాలి. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం న్యూయార్క్ నగరం బ్రాంక్స్ ప్రాంతంలోని రెండు అత్యవసర విభాగాల్లో జరిగింది. చేతికో కాలికో దెబ్బ తగిలి, ఎముక విరిగిందో లేదో చూడడానికి ఎక్స్‌రే తీయవలసినంత నొప్పితో వచ్చిన 400 మందికి పైగా పెద్దలను నాలుగు జట్లుగా విడదీశారు. మొదటి జట్టుకు ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా., పారాసిటమాల్ 1000 మి.గ్రా. కలిపి ఇచ్చారు. మిగిలిన మూడు జట్లకు పారాసిటమాల్‌తో పాటు ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, కోడీన్‌లలో ఒక్కొక్క ఓపియాయిడ్‌ను జోడించి ఇచ్చారు. సున్నా నుంచి పది దాకా లెక్కవేసే నొప్పి కొలతలో వీళ్లు సగటున 8.7 దగ్గర మొదలయ్యారు, అంటే నొప్పి చిన్నదేమీ కాదు. రెండు గంటల తర్వాత ఐబుప్రొఫెన్ జట్టులో నొప్పి 4.3 పాయింట్లు తగ్గింది. ఆక్సికోడోన్ జట్టులో 4.4, హైడ్రోకోడోన్ జట్టులో 3.5, కోడీన్ జట్టులో 3.9 తగ్గింది. రోగికి తెలిసేంత తేడా ఉండాలంటే జట్టుకూ జట్టుకూ మధ్య కనీసం 1.3 పాయింట్లు కావాలని పరిశోధకులు ముందే పెట్టుకున్న గీతను ఏ రెండు జట్ల మధ్య తేడా కూడా దాటలేదు. ఇది రెండు గంటల లెక్క మాత్రమేననీ, ఇంటికి వెళ్లాక వారం పాటు ఎలా ఉందో ఈ అధ్యయనం చెప్పదనీ గుర్తుంచుకోవాలి. అయినా, బలమైన నొప్పికి బలమైన మందే కావాలనే నమ్మకాన్ని ఇంత శుభ్రంగా పరీక్షకు పెట్టిన పని అరుదు.

పంటి నొప్పి విషయంలో ఆధారం ఇంకా గట్టిది. ఎక్కువగా జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద దశాబ్దాలుగా జరిగిన పరీక్షలను కోక్రేన్ సంస్థ సమీక్షకులు ఒకచోట చేర్చి, ఎంతమందికి మందు ఇస్తే ఒక్కరికి అదనంగా సగం నొప్పి తగ్గుతుందో లెక్కకట్టారు. ఆ సంఖ్య ఎంత చిన్నదైతే మందు అంత మంచిది. ఐబుప్రొఫెన్ 200 మి.గ్రా., పారాసిటమాల్ 500 మి.గ్రా. కలిపి వేసుకుంటే ఆ సంఖ్య 1.6, ఐబుప్రొఫెన్ 400 ఒక్కటే అయితే 2.5, పారాసిటమాల్ 1000 ఒక్కటే అయితే 3.6. కోడీన్ 60 మి.గ్రా. ఒక్కటే ఇస్తే 12. అంటే పన్నెండు మందికి కోడీన్ ఇస్తే ఒక్కరికి మాత్రమే ఆ మందు వల్ల చెప్పుకోదగ్గ ఉపశమనం దొరుకుతుంది, మలబద్ధకం మాత్రం ఎవరికైనా రావచ్చు. పక్కింటి కిరాణా కొట్టులో కూడా దొరికే రెండు సాధారణ మాత్రల జంట ఈ పట్టికలో పైన నిలబడటం నాకు మొదటిసారి చదివినప్పుడు నమ్మశక్యం కాలేదు. 2024లో అమెరికా దంతవైద్యుల సంఘం పెద్దల పంటి నొప్పికి ఓపియాయిడ్లు కాని మందులనే మొదట వాడాలని సూచించింది.

ఎందుకు ఇలా జరుగుతుందో తెలుసుకుంటే మోతాదులు గుర్తుంటాయి. పన్ను తీసినచోట, కోసినచోట, ఎముక విరిగినచోట కణజాలం దెబ్బతిని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి అక్కడి నరాల చివరలను అతి సున్నితంగా మారుస్తాయి, వాపు తెస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఆ తయారీనే అడ్డుకుంటాయి. మార్ఫిన్ ఆ గాయం జోలికి పోదు. గాయం నుంచి వెళ్లిన కబురు మెదడుకు చేరినా అది అంతగా బాధించకుండా చేస్తుంది, ఆ క్రమంలో ఊపిరి వేగాన్ని, పేగుల కదలికను కూడా నెమ్మదింపజేస్తుంది. వాపుతో వచ్చే నొప్పికి మొదటి తరహా మందు సహజంగానే దగ్గరిది. పారాసిటమాల్ వాపును పెద్దగా తగ్గించదు, కానీ వేరే దారిలో పనిచేస్తుంది కనుక ఐబుప్రొఫెన్‌తో కలిసినప్పుడు ఒకదాని బలం మరొకదానికి తోడవుతుంది.

మూత్రనాళంలో రాయి నొప్పికి ఈ వివరణ అక్షరాలా వర్తిస్తుంది. ఆ నొప్పితో మెలికలు తిరిగిపోతున్న మనిషిని చూసిన ఎవరికైనా మార్ఫిన్ తప్ప మరేదీ చాలదనిపిస్తుంది. ఖతార్‌లోని దోహాలో, ఎండలో పనిచేసే వలస కార్మికులు ఎక్కువగా వచ్చే అత్యవసర విభాగంలో 1,644 మంది మీద జరిగి 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ ఊహను సరిచేసింది. తొడకో పిరుదుకో వేసే డైక్లోఫెనాక్ 75 మి.గ్రా. సూదితో అరగంటలో 68 శాతం మందికి నొప్పి సగానికి తగ్గింది. నరంలోకి ఎక్కించిన పారాసిటమాల్ 1 గ్రాముతో 66 శాతం మందికి, మార్ఫిన్‌తో 61 శాతం మందికి తగ్గింది. మార్ఫిన్ జట్టులో వాంతులు, కళ్లు తిరగడం వంటి ఇబ్బందులు ఎక్కువ. రాయి అడ్డుపడినప్పుడు మూత్రపిండంలో ఒత్తిడిని పెంచేది ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి డైక్లోఫెనాక్ నొప్పి మూలాన్నే తాకుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లి నీళ్లు తాగే తీరిక లేకుండా పనిచేసే మనవాళ్లకు ఈ నొప్పి బాగా తెలుసు. వాళ్లకు పనికివచ్చే సమాధానం వాళ్లు పనిచేసే చోటే దొరికింది. మూత్రపిండం ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లకు మాత్రం డైక్లోఫెనాక్ పనికిరాదు, వాళ్లకు నరంలోకి పారాసిటమాల్ ఎక్కించడమే మంచి దారి.

ఇక తెలుగు రాష్ట్రాల్లో అన్నిటికంటే ఎక్కువ ఇళ్లకు పరిచయమైన ఆపరేషన్ నొప్పి సిజేరియన్‌ది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ఇంతమంది ఆడవాళ్లు ఏటా భరించే నొప్పి గురించి మనం మాట్లాడేది చాలా తక్కువ, "మొదటి రెండు రోజులు అలాగే ఉంటుందమ్మా, ఓర్చుకోవాలి" అనే మాటతో సరిపెట్టేది ఎక్కువ. ఓర్చుకోనక్కర్లేదు. సిజేరియన్ నొప్పికి అంతర్జాతీయంగా సిఫారసు చేసే పద్ధతి చక్కగా పనిచేస్తుంది, ఖర్చూ పెద్దగా లేదు. నడుములోకి ఇచ్చే మత్తుమందులోనే 50 నుంచి 100 మైక్రోగ్రాముల మార్ఫిన్ కలుపుతారు. ఒక మిల్లీగ్రాములో పదో వంతు కంటే మించని ఆ చిటికెడు మందు దాదాపు ఒక రోజంతా కోత నొప్పిని అదుపులో ఉంచుతుంది. ఆ తర్వాత పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లేదా డైక్లోఫెనాక్ వేళకు వేళకు, అడిగినా అడగకపోయినా ఇస్తారు. నడుములో మార్ఫిన్ వేయని చోట పొట్ట గోడ కండరాల మధ్య నరాలకు మత్తు సూది వేస్తారు. మిగతా మందులు చాలనప్పుడే మరికొంత ఓపియాయిడ్ ఇస్తారు.

ఇందులో ఓపియాయిడ్ కూడా ఉందని గమనించాలి. పోరు ఓపియాయిడ్‌కూ మిగతావాటికీ మధ్య కాదు. దాన్ని ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు వాడాలనేదే ప్రశ్న. నడుములో వేసిన అర చిటికెడు మార్ఫిన్ వల్ల దురద, వాంతి రావచ్చు. ఊపిరి మీద ప్రభావం చాలా అరుదే అయినా ఆ రోజు నర్సు గమనిస్తూ ఉండాలి. ఆ నిఘా ఆసుపత్రిలో సాధ్యం, ఇంట్లో సాధ్యం కాదు. నేను చూసే డిశ్చార్జి చీటీల మీద బాలింతలకు ట్రమడాల్ కలిసిన మాత్ర రాసి ఉండటం నన్ను నిజంగా బాధపెడుతుంది. ట్రమడాల్, దాని నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం తల్లిపాలలోకి చేరతాయి. పాలిచ్చే తల్లులు ట్రమడాల్, కోడీన్ వాడకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరించింది. అదే తల్లికి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ నిశ్చింతగా ఇవ్వవచ్చు, పాలలోకి చేరే మోతాదు చాలా స్వల్పం. బాలింత మత్తుగా పడుకుంటే బిడ్డ పాలకోసం ఏడుస్తుంది, చుట్టూ ఉన్న పెద్దవాళ్లు తల్లి మత్తును నీరసమనుకుంటారు. మందు వల్ల అని ఎవరికీ తట్టదు.

ట్రమడాల్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే తక్కువ నచ్చిన మందు ఇదే. జర్మనీకి చెందిన గ్రూనెంతాల్ సంస్థ దీన్ని 1962లో తయారుచేసి, 1977లో మార్కెట్‌లోకి తెచ్చింది. మార్ఫిన్ కంటే సురక్షితమనీ, అలవాటు పడే భయం తక్కువనీ పేరు రావడంతో అన్ని దేశాలకూ పాకింది. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేది ట్రమడాల్ 37.5 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసిన మాత్ర, అల్ట్రాసెట్ అనేది అందులో అందరికీ తెలిసిన పేరు. రెండు మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గడం నిజమే. కానీ ఆ మేరకు తగ్గుదల ఐబుప్రొఫెన్‌తోనే వస్తున్నప్పుడు వాంతులు, తల తిరుగుడు, మత్తు, మలబద్ధకం ఎందుకు కొని తెచ్చుకోవాలి? దీనిలో అసలు లోపం మరొకటి ఉంది. ట్రమడాల్ నొప్పి తగ్గించాలంటే కాలేయంలోని ఒక ఎంజైమ్ దాన్ని మరో పదార్థంగా మార్చాలి. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ కొందరిలో సరిగా పనిచేయదు, వాళ్లకు మాత్ర వేసినా నొప్పి పెద్దగా తగ్గదు, వాంతి మాత్రం వస్తుంది. ఇంకొందరిలో అతి వేగంగా పనిచేస్తుంది, వాళ్లకు మామూలు మోతాదే ఎక్కువై ఊపిరి మందగించవచ్చు. ఎవరు ఏ కోవకు చెందుతారో చీటీ రాసే డాక్టరుకూ తెలియదు, ఇచ్చే నాకూ తెలియదు. ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇది ఫిట్స్ తెప్పించగలదు. దిగులుకు, ఆందోళనకు మందులు వాడుతున్నవాళ్లలో వాటితో కలిసి ఒళ్లు వణుకు, జ్వరం, గుండెదడతో ప్రమాదకరమైన స్థితి తేగలదు. 2018లో భారత ప్రభుత్వం ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. దుర్వినియోగం పెరిగిందని గుర్తించాకే ఆ పని చేసింది. చీటీ లేకుండా అడిగితే ఇవ్వని షాపు మంచి షాపు.

నడుం పట్టేసినప్పుడు ఓపియాయిడ్ అడిగేవాళ్లకు 2023లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం గురించి చెబుతాను. కొత్తగా నడుంనొప్పో మెడనొప్పో వచ్చిన 347 మందిలో సగం మందికి ఆరు వారాల పాటు ఆక్సికోడోన్, మిగతా సగానికి ఏ మందూ లేని మాత్ర ఇచ్చారు. ఆరు వారాల తర్వాత పది పాయింట్ల కొలతలో ఆక్సికోడోన్ జట్టు నొప్పి 2.78, ఉత్తి మాత్ర జట్టు నొప్పి 2.25. మందు వల్ల లాభం ఏమీ లేదు. ఏడాది తర్వాత చూస్తే ఆక్సికోడోన్ తీసుకున్నవాళ్లలో మందును తప్పుగా వాడే ప్రమాదమే ఎక్కువగా కనిపించింది. నడుం పట్టేస్తే మంచం దిగి మెల్లగా నడవడమే మేలు.

ఐబుప్రొఫెన్ జాతి మందులను ఇంతగా మెచ్చుకుంటున్నాను కాబట్టి వాటి హానిని దాచకూడదు. అవి కడుపులో పుండు తెచ్చి రక్తం కారేలా చేయగలవు, రక్తపోటు పెంచగలవు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం పెంచగలవు, మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గించగలవు. అరవై దాటినవాళ్లు, బీపీకి నీరు పోయించే మాత్రలు వాడేవాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా వీటిని ముట్టకూడదు. గర్భం ఇరవై వారాలు దాటాక వీటిని మానేయాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు, కారణం ఇప్పటికీ తేలని మూత్రపిండాల జబ్బు ఊళ్లకు ఊళ్లనే పట్టుకుంది. అక్కడ పొలం పని చేసి ఒళ్లునొప్పులతో వచ్చిన రైతుకు ఆర్ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేయడం నాకు ట్రమడాల్ కంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. వానాకాలంలో జ్వరంతో ఒళ్లునొప్పులు వచ్చినప్పుడు అది డెంగ్యూ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వేసుకోకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అప్పుడు పారాసిటమాల్ ఒక్కటే గతి.

పారాసిటమాల్‌కూ హద్దు ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు; బక్కపలచగా ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ. నేను కిటికీ దగ్గర తరచూ పట్టుకునే పొరపాటు ఒకటుంది: జ్వరానికని ఒకరు రాసిన డోలో 650, నొప్పికని మరొకరు రాసిన ఎసిక్లోఫెనాక్–పారాసిటమాల్ మాత్ర, జలుబుకని షాపువాడు ఇచ్చిన ఇంకో మాత్ర, మూడింటిలోనూ పారాసిటమాలే. పేర్లు వేరు కాబట్టి మూడు మందులు అనుకుంటారు. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ 400తో పాటు పారాసిటమాల్ 325 ముందే ఉంటుంది. దానికి మళ్లీ పారాసిటమాల్ జోడించేటప్పుడు ఆ 325ను లెక్కలోకి తీసుకోవాలి. కొనేముందు స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను, చదవడం రానివాళ్లకు చదివి వినిపిస్తాను. వాడేటప్పుడు నొప్పి ముదిరాక వేసుకోవడం కంటే మొదటి రెండు మూడు రోజులు పారాసిటమాల్‌ను ఆరు గంటలకోసారి, ఐబుప్రొఫెన్‌ను ఏదైనా తిన్నాక ఎనిమిది గంటలకోసారి వేసుకుని ఆపేయడం మంచిది. ఈ మందులు బలహీనమైనవని చాలామంది అనుకోవడానికి కారణం, అర మోతాదులో, వేళాపాళా లేకుండా వాడటమే.

ఇప్పుడు మార్ఫిన్. రోడ్డు ప్రమాదంలో తొడ ఎముక విరిగి వచ్చిన యువకుడికి, గ్యాస్ పేలి ఒళ్లు కాలిన గృహిణికి, ఛాతీ తెరిచి ఆపరేషన్ చేసిన రోగికి ఐబుప్రొఫెన్ చాలదు. వాళ్లకు మార్ఫిన్‌నో ఫెంటనిల్‌నో నరంలోకి కొద్దికొద్దిగా, నొప్పిని, ఊపిరిని చూసుకుంటూ ఇవ్వడం వైద్యుల బాధ్యత. మన దేశం చట్టబద్ధంగా నల్లమందు పండించి ప్రపంచ ఔషధ అవసరాలకు పంపే దేశం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో లైసెన్సుతో ఆ సాగు జరుగుతుంది, నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలు ఉన్నాయి. అలాంటి దేశంలోనే 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత లైసెన్సుల చిక్కులకు భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడం మానేశాయి. ఒక తరం వైద్యులు దాన్ని చేత్తో వాడకుండానే చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి మార్ఫిన్ వంటి ఆవశ్యక నార్కోటిక్ మందులకు ఒకే లైసెన్సు చాలునన్నారు, అయినా పాత భయం పోలేదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఎన్నో ఏళ్లుగా పేద రోగులకు మార్ఫిన్ మాత్రలు ఇస్తోంది. చివరి దశ కేన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇస్తే అలవాటు పడతారేమో అని సందేహించేవాళ్లు అక్కడి వార్డు ఒకసారి చూడాలి. హఠాత్తుగా వచ్చే నొప్పికి ఓపియాయిడ్లు తగ్గించాలని నేను చెప్పే ప్రతి మాటా ఆ వార్డు గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

అలవాటు పడే భయం మాత్రం కల్పన కాదు. 1980లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో ఆసుపత్రి రోగులకు నార్కోటిక్ మందుల వల్ల వ్యసనం అరుదని ఐదు వాక్యాల లేఖ ఒకటి అచ్చయింది. 1996లో ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్ర మార్కెట్‌లోకి వచ్చాక, ఆ లేఖను ఇంటికి పంపే మాత్రలకూ సాక్ష్యంగా పదే పదే వాడుకున్నారు. 2021 ఒక్క ఏడాదిలో అమెరికాలో ఓపియాయిడ్లు ఎక్కువై చనిపోయినవాళ్లు 80,000 పైచిలుకు, వాళ్లలో ఎక్కువమంది దొంగచాటు ఫెంటనిల్ వల్ల. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2017లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం మొదటి చీటీ ఎనిమిది రోజులు లేదా అంతకు మించి ఉన్నవాళ్లలో నూటికి 13.5 మంది ఏడాది తర్వాత కూడా ఆ మందు వాడుతూనే ఉన్నారు. చీటీ మీద రాసే రోజుల సంఖ్య ఎంత ముఖ్యమో ఇందులో తెలుస్తుంది. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు పన్ను తీసినప్పుడో కాలు విరిగినప్పుడో హైడ్రోకోడోన్ చీటీ ఇస్తే, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్‌తో సరిపోతుందా అని అడిగే హక్కు వాళ్లకుంది. అక్కడి వైద్యులు ఆ ప్రశ్నను ఇప్పుడు మెచ్చుకుంటారు.

మందుల షాపులో దొరకనిది, ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవలసినది మరొకటి ఉంది: నరం పక్కన మత్తు సూది. పెద్దావిడ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ తొడ దగ్గర బ్యూపివకైన్ వంటి మందు వేస్తే అరగంటలో కాలు కదపగలిగేంత ఉపశమనం వస్తుంది, గంటల తరబడి ఉంటుంది. ఆమెకు మార్ఫిన్, ట్రమడాల్ ఎక్కువగా ఇస్తే మతి తప్పి కలవరించే ప్రమాదం ఉంటుంది, ఐబుప్రొఫెన్ ఇస్తే మూత్రపిండాలకు ముప్పు. ఈ సూది రెండు చిక్కులనూ తప్పిస్తుంది. చేయడానికి నేర్పున్న మత్తు డాక్టరు కావాలి, ఆ సదుపాయం జిల్లా కేంద్రం దాటితే తగ్గిపోతుంది.

సుజెట్రిజిన్ చుట్టూ ఇప్పుడు చాలా ఆశ ఉంది. వెర్టెక్స్ సంస్థ తయారుచేసిన ఈ మాత్రకు 2025 జనవరి 30న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. జర్నవక్స్ దాని అమ్మకపు పేరు. నొప్పి కబురు మోసే నరాల్లో ఉండే ఒక సోడియం ద్వారాన్ని ఇది మూసేస్తుంది, మెదడు జోలికి పోదు, కాబట్టి మత్తు, వ్యసనం ఉండవని ఆశ. ఇది పొట్ట కొవ్వు ఆపరేషన్, కాలి బొటనవేలి ఎముక ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో ఉత్తి మాత్ర కంటే బాగా పనిచేసింది. అయితే హైడ్రోకోడోన్–పారాసిటమాల్ జంటను మించిందని ఏ పరీక్షా చూపలేదు. నన్ను నిరాశపరచింది మరొకటి: ఆ పరీక్షల్లో దీన్ని ఐబుప్రొఫెన్–పారాసిటమాల్ జంటతో నేరుగా పోల్చలేదు, నేను ఎదురుచూసే పోలిక అదే. ఒక్కో 50 మి.గ్రా. మాత్రకు 2025లో అమెరికాలో ప్రకటించిన ధర 15.50 డాలర్లు. మూత్రపిండాల జబ్బు వల్ల, కడుపు పుండు వల్ల ఐబుప్రొఫెన్ వాడలేనివాళ్లకు మున్ముందు ఇది మంచి తోడు కావచ్చు.

పిల్లల విషయానికి వస్తే తీర్పు స్పష్టంగా ఉంది. ఎముక విరిగి ఇంటికి వెళ్లిన 134 మంది పిల్లల మీద కెనడాలో జరిగి 2014లో వచ్చిన అధ్యయనంలో నోటితో ఇచ్చిన మార్ఫిన్, ఐబుప్రొఫెన్ కంటే నొప్పిని ఎక్కువ తగ్గించలేదు, వాంతులు, మత్తు మాత్రం ఎక్కువ తెచ్చింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ట్రమడాల్ ఇవ్వకూడదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది. పన్నెండేళ్ల లోపు వాళ్లకు నిమెసులైడ్‌ను మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. ఇంట్లో మిగిలిన పెద్దల మాత్రను సగం చేసి పిల్లలకు వేసే అలవాటు ఎక్కడున్నా మానుకోవాలి. పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా., ఐబుప్రొఫెన్ కిలోకు 10 మి.గ్రా. పన్నెండు కిలోల బిడ్డకు ఒక పూట పారాసిటమాల్ 180 మి.గ్రా. అవుతుంది. సీసా మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంటే 3.6 మి.లీ. పోయాలి, 5 మి.లీ.కి 120 మి.గ్రా. అని ఉంటే 7.5 మి.లీ. పోయాలి. రెండు సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కాబట్టి వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చే కొలత మూతతోనో, సూది లేని సిరంజితోనో కొలిచి, పారాసిటమాల్ మళ్లీ వేయడానికి కనీసం నాలుగు గంటలు ఆగాలి.